టైటానియం సుత్తి: దాని వెల, దాని విలువ

తెలుగులో సుత్తి వేరు, సమ్మెట వేరు. ఉర్దూలోను హథోడీ వేరు, హథోడా వేరు, ఘన్ వేరు. ఒకే పనికి పుట్టిన పరికరమునకు బరువును బట్టి ఇన్ని పేర్లు పెట్టిన మన పనివారు, ఏ బరువు ఏ పనికి తగునో ఏ గ్రంథమును చదువకయే నిర్ణయించియుండిరి. కంసాలి చేతిలో చిన్న సుత్తి, వడ్రంగి చేతిలో నడితరపు సుత్తి, కమ్మరి కొలిమివద్ద దాగలిపై పడునది సమ్మెట. ఈ మూడింటికిని తల ఇనుముతోనో ఉక్కుతోనో చేయబడుచు వచ్చినది. బరువు కావలెనన్న తల పెద్దది చేసిరి. తేలిక కావలెనన్న చిన్నది చేసిరి. తల పరిమాణమును తగ్గింపకయే బరువును తగ్గింపవచ్చునను తలంపు ఇటీవలి కాలపుది.

ఆ తలంపు 1990ల దశకమున అమెరికాలో రూపు దాల్చినది. అచ్చటి ఇండ్లు చాలవరకు చెక్క దూలములతో, చెక్క చట్రములతో కట్టబడును. ఆ చట్రములను బిగించు వడ్రంగులకు మేకులు కొట్టుటయే ముఖ్యమైన పని. వారి కొరకు టైటానియము అను లోహముతో చేసిన సుత్తులు విపణిలోనికి వచ్చినవి. మంచి ఉక్కు సుత్తి అచ్చట 30 నుండి 50 డాలర్లకు దొరకుచుండగా, తల, కామ రెండును టైటానియముతోనే చేసిన సుత్తికి 250 డాలర్లు, అంతకు పైబడియు చెల్లింపవలెను. డాలరుకు 80 రూపాయలకు పైగా పలుకుచున్న ఈ దినములలో అది మన లెక్కకు 20,000 రూపాయలు దాటును. ఒక సుత్తికి అంత వెల ఈయదగునా? ప్రశ్న చిన్నదిగానే కనబడును. కాని దీనికి సమాధానము చెప్పుటకు రసాయన శాస్త్రము కొంత, భౌతిక శాస్త్రము చాల, అర్థశాస్త్రము కొంచెము కావలసి వచ్చును. అందువలననే ఈ విషయమును విద్యార్థుల యెదుట ఉంచుచున్నాము.

మొదట ఆ లోహమును గూర్చి కొంత తెలిసికొందము. 1791లో ఇంగ్లండునందలి కార్న్‌వాల్ ప్రాంతమున విలియం గ్రెగర్ అను మతాచార్యుడు ఒక వాగు ఒడ్డున దొరకిన నల్లని ఇసుకను పరీక్షించి, అందొక క్రొత్త లోహపు భస్మము కలదని గుర్తించెను. నాలుగేండ్ల తరువాత, 1795లో, జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు క్లాప్రోత్ వేరొక ఖనిజమున దానినే కనుగొని, గ్రీకు పురాణములలోని టైటానులను మహాబలుల పేరు దానికి పెట్టెను. పేరు పెట్టిన తరువాత శతాబ్దమునకు పైగా ఎవరును శుద్ధమైన టైటానియమును చూడలేదు. 1910లో హంటర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు టైటానియం టెట్రాక్లోరైడును సోడియముతో కలిపి ఉక్కు పాత్రలో వేడిచేసి దానిని వేరుచేసెను. లక్సెంబర్గుకు చెందిన క్రోల్ అనునాతడు సోడియమునకు బదులు మెగ్నీషియము వాడి పెద్దయెత్తున తయారుచేయు మార్గమును చూపెను. 1948లో అమెరికాలో దాని వాణిజ్యోత్పత్తి మొదలైనది. నేటికిని ప్రపంచమున టైటానియము ఎక్కువగా తయారగుచున్నది క్రోల్ పద్ధతిలోనే.

ఇచట ఒక చిత్రమైన విషయము కలదు. భూమి పైపొరలో లభించు మూలకములలో టైటానియము తొమ్మిదవది. రాగి, సీసము, తగరము దానికంటె ఎంతో అరుదు. ఇల్మనైటు, రూటైలు అను దాని ఖనిజములు కేరళలోని చవర తీరపు ఇసుకలో, ఒడిశాలోని ఛత్రపురము వద్ద, మన శ్రీకాకుళము, విశాఖ తీరముల ఇసుకలో పుష్కలముగా నున్నవి. మన ఇంటి గోడలకు వేయు తెల్లరంగులోని తెలుపు ఈ లోహపు ఆక్సైడే. త్రవ్వితీసిన ఖనిజములో అత్యధిక భాగము ఆ రంగుకే పోవును. లోహముగా మారునది స్వల్పము. ఇంత విరివిగా దొరకు వస్తువు ఇంత ప్రియమేల?

దానికి కారణము దాని స్వభావమున కలదు. ఇనుమును బొగ్గుతో కలిపి కొలిమిలో వేసినచో బొగ్గు ప్రాణవాయువును లాగికొని ఇనుమును విడిచిపెట్టును. టైటానియము అట్లు లొంగదు. అది బొగ్గుతోనే కలిసి కార్బైడుగా మారిపోవును. వేడెక్కినచో గాలిలోని ప్రాణవాయువును మాత్రమే కాక నత్రజనిని కూడ పట్టుకొని పెళుసెక్కును. నత్రజనిలో మండగల లోహములు బహుకొద్ది, వానిలో ఇది యొకటి. అందువలన ఖనిజమును మొదట క్లోరినుతో చేర్చి టెట్రాక్లోరైడు అను ద్రవముగా మార్చవలెను. ఆ ద్రవము 136 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును గనుక దానిని బట్టీపట్టి శుద్ధిచేయుదురు. తరువాత గాలి చొరని ఉక్కు పాత్రలో కరగిన మెగ్నీషియముతో కలిపి క్షయకరణము గావింతురు. మిగిలిన మెగ్నీషియము క్లోరైడును శూన్యములో వేడిచేసి తొలగింతురు. ఒక్కొక్క వాయి దినములు పట్టును. తుదకు లభించు లోహము తేనెపట్టువలె రంధ్రములతో నుండును. దానికి స్పంజి టైటానియమని పేరు. దానిని మరల శూన్యములోనే విద్యుచ్చాపముతో కరగించి దిమ్మెలుగా పోయవలెను. ద్రవీభవన స్థానము 1668 డిగ్రీలు. ఇనుముకంటె 130 డిగ్రీలు ఎక్కువ. ఉక్కు ధారాపాతముగా ప్రవహించు కర్మాగారములతో పోల్చినచో ఇది కషాయము కాచుట వంటిది. వెలలో ఎక్కువ భాగము ఈ శ్రమకే చెల్లుచున్నది.

ఈ శ్రమలో మన హైదరాబాదుకు భాగము కలదని మన విద్యార్థులు తెలిసికొనవలెను. కంచన్‌బాగులోని రక్షణ లోహ పరిశోధనాలయము టైటానియము స్పంజి తయారు పద్ధతిని అభివృద్ధిపరచినది. ఆ పద్ధతి ఆధారముగానే 2011లో కేరళలోని చవర వద్ద ఏటికి 500 టన్నుల సామర్థ్యము గల కర్మాగారము ప్రారంభమైనది. 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్ కూడ కంచన్‌బాగులోనే ఉండి టైటానియము మిశ్రలోహములను దిమ్మెలుగా, కడ్డీలుగా, రేకులుగా తయారుచేయుచున్నది. అవి విమానములకును, అంతరిక్ష నౌకలకును పోవును. సుత్తులకు పోవు టైటానియము ఆ పెద్ద ప్రవాహములోని ఒక చిన్న పాయ మాత్రమే. సోవియట్ యూనియను విచ్ఛిన్నమైన తరువాత, యుద్ధ విమానములకును జలాంతర్గాములకును ఉద్దేశింపబడిన లోహము పాశ్చాత్య విపణిలోనికి విరివిగా వచ్చినది. గోల్ఫు కర్రలు, సైకిలు చట్రములు, సుత్తులు టైటానియముతో చేయబడుట ఆ దశాబ్దముననే వ్యాప్తిలోనికి వచ్చినది.

ఇక సుత్తిని చేతబట్టుదము. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు. సాధారణముగా వాడు టైటానియము మిశ్రలోహమునకు అది 4.43 గ్రాములు. అనగా ఒకే పరిమాణము గల రెండు తలలలో టైటానియపు తల ఉక్కు తలలో నూటికి 56 పాళ్లు మాత్రమే తూగును. విక్రేతలు తమ ప్రకటనలలో 14 ఔన్సుల టైటానియము సుత్తి 24 ఔన్సుల ఉక్కు సుత్తి వలె మేకును దింపునని చెప్పుచుందురు. 14 ఔన్సులనగా రమారమి 400 గ్రాములు. 24 ఔన్సులనగా 680 గ్రాములు. ఈ రెండింటి నిష్పత్తి 0.58. సాంద్రతల నిష్పత్తికి ఇది చాల దగ్గరగా నుండుట పాఠకులు గమనింతురుగాక. ఒకే పరిమాణము గల రెండు తలలను ప్రక్కప్రక్కన ఉంచి, రెండింటి దెబ్బయు సమానమని చెప్పినట్లున్నది. పరిమాణము దెబ్బను నిర్ణయింపదు. దెబ్బను నిర్ణయించునవి ద్రవ్యరాశియు వేగమును.

కదలుచున్న వస్తువు యొక్క గతిజశక్తి, దాని ద్రవ్యరాశిని వేగవర్గముతో గుణించి సగము చేసినంత. 680 గ్రాముల ఉక్కు సుత్తి సెకనుకు 8 మీటర్ల వేగముతో మేకును తాకినదనుకొందము. దాని గతిజశక్తి 21.8 జౌళ్లు. అదే వేగముతో 400 గ్రాముల సుత్తి తాకినచో 12.8 జౌళ్లు మాత్రమే. చెక్క మేకునకు సగటున 1000 న్యూటన్ల అడ్డుబలము చూపునని ఊహించినచో మొదటి సుత్తి దెబ్బకు మేకు 2.2 సెంటీమీటర్లు దిగును, రెండవదాని దెబ్బకు 1.3 సెంటీమీటర్లు దిగును. 8 సెంటీమీటర్ల మేకును మొదటిది 4 దెబ్బలలో ముగించును. రెండవదానికి 7 దెబ్బలు కావలెను. రెండును సమానముగా పనిచేయవలెనన్నచో తేలిక సుత్తి సెకనుకు 10.4 మీటర్ల వేగముతో రావలెను. అనగా నూటికి 30 పాళ్లు అధిక వేగము.

తేలిక సుత్తిని వడిగా విసరవచ్చును గదా అని విక్రేతలందురు. ఆ మాట నిజమే. ఎంత వడిగా అన్నదే చూడవలసినది. విసరునది సుత్తి ఒక్కటియే కాదు. చేయి కూడ దానితో కదలును. కండరములు చేసిన పని సుత్తికిని చేతికిని పంచబడును. చేతిలోని అన్ని భాగములును సుత్తితలయంత వేగముగా కదలవు గనుక, చేయి మొత్తము సుత్తితల వద్ద 500 గ్రాముల బరువునకు సమానమని లెక్క కొరకు అనుకొందము. ఉక్కు సుత్తితో సెకనుకు 8 మీటర్ల వేగము రప్పించుటకు కండరములు 37.8 జౌళ్ల పని చేయవలెను. అందులో సుత్తికి చేరినది 21.8, తక్కినది చేతిలో నిలిచినది. అదే 37.8 జౌళ్ల పనిని తేలిక సుత్తిపై చేసినచో వేగము సెకనుకు 9.2 మీటర్లగును, సుత్తికి చేరునది 16.8 జౌళ్లు. చేయి తన వాటాను ఎక్కువగా తీసికొన్నది. ఈ లెక్కన తేలిక సుత్తి దెబ్బ బరువు సుత్తి దెబ్బలో ముప్పాతికకు కొంచెము పైన. మేకునకు 4 దెబ్బలకు బదులు 5 దెబ్బలు. ఇది విక్రేతలు చెప్పునంత గొప్పయు కాదు, మొదటి లెక్కలో తోచినంత హీనమును కాదు. చేతి వాటాను 500కు బదులు వేరొకటిగా తీసికొని విద్యార్థులు ఈ లెక్కను తిరిగి చేసి చూడవచ్చును. అంకెలు మారినను, తేలిక సుత్తి వాటా తగ్గునను మాట మారదు.

ప్రకటనలలో మరియొక మాట కలదు. టైటానియము సుత్తి తన శక్తిలో నూటికి 97 పాళ్లు మేకునకు ఇచ్చుననియు, ఉక్కు సుత్తి 70 పాళ్లే ఇచ్చి తక్కినది వెనుకకు ఎగురుటలో పోగొట్టుకొనుననియు అందురు. ఇంటర్మీడియెటు భౌతికశాస్త్రములోని అభిఘాతముల పాఠమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. సుత్తి మేకును తాకి రెండును కలిసి ముందుకు సాగినచో, మిగిలియుండు శక్తి భాగము సుత్తి ద్రవ్యరాశిని సుత్తి, మేకుల మొత్తపు ద్రవ్యరాశితో భాగించినంత. చట్రములకు కొట్టు మేకు సుమారు 10 గ్రాములు తూగును. 400ను 410తో భాగించినచో నూటికి 97.6, 680ను 690తో భాగించినచో 98.6. రెండు సుత్తులును నూటికి 97 దాటినవి. పైగా ఉక్కుదే ఒక పాలు హెచ్చు! మేకు గట్టి ముడిలో చిక్కి కదలక నిలిచినపుడు సుత్తి వెనుకకు ఎగురుట నిజము. కాని అది తాకు ముఖముల గట్టిదనమును బట్టి యుండును. మంచి టైటానియము సుత్తులకు ముఖముగా బిగించునది ఉక్కు బిళ్ల. ఉక్కు మేకుపై ఉక్కు ముఖమే పడుచుండగా లోపలి లోహము పేరు చెప్పి 27 పాళ్ల భేదము చూపుట మాకు నమ్మదగినదిగా తోచలేదు.

ఉక్కు బిళ్ల ఎందుకనగా టైటానియము గట్టిపరచిన ఉక్కుకంటె మెత్తనిది. గరుకు గీతలతో చేసిన టైటానియపు ముఖము మేకుల తలలపై పడిపడి నునుపెక్కును. అరిగిన బిళ్లను మార్చుకొనునట్లు చేసినవే ఎక్కువకాలము నిలుచును. ఒక భ్రమను కూడ ఇచ్చటనే తొలగింపవలెను. టైటానియము అయస్కాంతమునకు లొంగదు. అందువలన ఆసుపత్రులలోని అయస్కాంత చిత్రణ యంత్రముల దగ్గరను, మందుపాతరలను తొలగించు చోట్లను ఆ లోహపు పనిముట్లు వాడుదురు. దానిని బట్టి అది నిప్పురవ్వలు రాల్చని లోహమని కొందరు తలంతురు. సానపట్టినపుడు అది కండ్లు మిరుమిట్లు గొలుపు తెల్లని రవ్వలను రాల్చును. ఆవిరి, వాయువులు నిండిన చోట దానిని నమ్మరాదు. అట్టి చోట్లకు రాగి మిశ్రలోహపు సుత్తులే తగినవి.

దెబ్బ విషయమున టైటానియమునకు గొప్ప లాభము లేదని తేలినది. అయినను దానిని కొన్న వడ్రంగులలో చాలమంది మరల ఉక్కును ముట్టుటకు ఇష్టపడరు. ఇందరు అనుభవజ్ఞులు ఊరక మోసపోయిరని చెప్పుట పండితుల అహంకారమగును. వారి సుఖమునకు కారణమును వేరొకచోట వెదకవలెను.

శ్రమ తగ్గినదా యని మొదట చూతము. సుత్తిని ప్రతిసారి ఒక మీటరు ఎత్తినచో ఉక్కుదానికి 6.7 జౌళ్లు, టైటానియపు దానికి 3.9 జౌళ్లు పట్టును. భేదము 2.7 జౌళ్లు. దినమునకు 1000 దెబ్బలన్నచో 2700 జౌళ్లు. అది ఒక కిలోకాలరీ కంటె తక్కువ. కండరములు తినిన ఆహారములో నాలుగవ, ఐదవ వంతునే పనిగా మార్చును గనుక 3 కిలోకాలరీలనుకొనుడు. టీలో కలుపుకొను ఒక చెంచా పంచదారలో 16 కిలోకాలరీలున్నవి. పనివాని ఆకలితో చూచినచో ఈ లాభము ఏమియు కాదు.

కాని అలసట యనునది ఆకలి ఒక్కటియే కాదు. సుత్తి కామను చేతబట్టి నేలకు సమాంతరముగా నిలిపినపుడు తల మణికట్టును క్రిందికి త్రిప్పజూచును. తల చేతికి 40 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో ఆ భ్రామకము ఉక్కు సుత్తికి 2.7 న్యూటన్-మీటర్లు, టైటానియపు దానికి 1.6. ఈ బరువును భరించునవి ముంజేతి వెలుపలి సన్నని కండరములును, మోచేతి ఎముకకు అంటుకొనియున్న వాని స్నాయువును. సుత్తిని లేపునపుడును, మధ్యలో ఆపునపుడును ఈ భారము ఎన్నో రెట్లగును. ఆ స్నాయువు దినదినము చీలుచు, అతుకుచు, తుదకు అతుకుటయందు వెనుకబడినచో వచ్చు నొప్పిని టెన్నిసు మోచేయి అందురు. దాని పేరు ఆటదైనను ఆ నొప్పి వడ్రంగులకు, తాపీవారికి, రంగులువేయువారికి సుపరిచితము. గోడమీద తలకంటె ఎత్తున చేయి చాచి మేకు కొట్టువానికి ఆ 280 గ్రాముల భేదము నిజమైన భేదమే. మోచేతి నొప్పితో నెల దినములు పని మానవలసి వచ్చినవానిని అడిగినచో, లెక్కల కంటె స్పష్టముగా ఆ భేదము విలువను చెప్పగలడు.

కాని ఇచట మరియొక ప్రశ్న ఉదయించును. తేలికయే కావలెనన్నచో 400 గ్రాముల ఉక్కు సుత్తియే కొనవచ్చును గదా? శక్తి లెక్కలో ద్రవ్యరాశి, వేగములే గాని లోహము పేరు ఎచ్చటను లేదు. 400 గ్రాముల ఉక్కు 400 గ్రాముల టైటానియమంతే దెబ్బ వేయును. ఇది టైటానియపు పక్షమువారికి అన్నింటికంటె కఠినమైన ప్రశ్న యని మా అభిప్రాయము. వారి సమాధానములో కొంత సారము లేకపోలేదు. ఒకే బరువులో టైటానియపు తల పొడవుగా, ముఖము వెడల్పుగా ఉండును. మేకు తప్పిపోవుట తక్కువ. మేకులు పీకు కొమ్ములు కురచ కావు. కామను కూడ ఆ లోహముతోనే చేసినచో విరుగని కామ దొరకును, తుప్పు పట్టదు. ఈ సౌకర్యములు నిజమైనవే. వీనికి 200 డాలర్లా యన్నది కొనువాడు తేల్చుకొనవలెను. చేతికి తగులు అదురు తగ్గుననుట మాత్రము సందేహాస్పదము. టైటానియము తనంతట తాను కంపనమును మ్రింగు లోహము కాదు. అదురును మ్రింగునది కర్ర కామ. అమెరికాలో హికరీ కర్ర, మన పల్లెలలో తుమ్మకర్ర ఆ పనిని ఎన్నో తరములుగా చేయుచున్నవి. టైటానియపు తలకు కర్ర కామ దిగవేసిన సుత్తులు కూడ కలవు. వాని వెల మొత్తము లోహముతో చేసినవానిలో సగమునకు లోపే. మమ్ము అడిగినచో టైటానియమే కావలెనన్నవాడు వానినే మొదట చూడవలెనందుము.

తేలిక సుత్తి అసలు పనికిరాని చోట్లను కూడ చెప్పవలెను. ఇందాకటి అభిఘాత సూత్రమునే తీసికొందము. మేకు 10 గ్రాములు గనుక ఏ సుత్తియైనను సరిపోయినది. రాతిని చెక్కు ఛేనీ 300 గ్రాములున్నచో 400 గ్రాముల సుత్తి శక్తిలో నూటికి 57 పాళ్లే దానికి అందును. 680 గ్రాముల సుత్తితో 69 పాళ్లు. నేలలో దింపవలసిన ఇనుప గూటము 4 కిలోలున్నచో తేలిక సుత్తి శక్తిలో 9 పాళ్లు మాత్రమే అందును, తక్కిన 91 పాళ్లు తాకిడిలోనే వ్యర్థమగును. 4 కిలోల సమ్మెటతో కొట్టినచో సగము అందును. కొట్టబడు వస్తువు బరువు పెరిగినకొలది కొట్టు వస్తువు బరువు పెరుగవలెను. సుత్తికిని సమ్మెటకును మన భాషలు వేరు పేర్లు పెట్టుటలోని రహస్యమిదియే.

ఇక అర్థశాస్త్రము. అమెరికాలో 2024 నాటికి వడ్రంగుల మధ్యగత వేతనము గంటకు 28 డాలర్లకు కొంచెము పైన. మంచి ఉక్కు సుత్తికిని టైటానియపు సుత్తికిని గల వ్యత్యాసము 200 డాలర్లన్నచో అది ఒక దినపు కూలితో సమానము. చేయి నొప్పితో ఒక్క దినము పని పోకుండ కాపాడినను సొమ్ము తిరిగి వచ్చినట్లే. అట్టివానికి ఈ సుత్తి దుబారా కాదు. కాని అచ్చటను గాలి ఒత్తిడితో మేకులు దింపు తుపాకులు కొన్ని దశాబ్దములుగా వ్యాపించి, చేతితో కొట్టు మేకుల సంఖ్యను బాగుగా తగ్గించినవి. తుపాకితో పనిచేసి మిగిలిన నాలుగు మేకులకు సుత్తినెత్తువానికి ఆ లాభము అంతగా లేదు. ఆదివారము నాడు ఇంటివద్ద బల్ల బాగుచేసికొనువానికి బొత్తిగా లేదు. అతడు దానిని కొనుట, చేతి గడియారమును వెలను బట్టి కొనుట వంటిది. అట్టి ముచ్చటను మేము తప్పుపట్టము గాని దానికి పనిమంతుని పేరు తగిలింపరాదు.

మన వడ్రంగుల సంగతి వేరు. మన ఇండ్లు ఇటుకతో, సిమెంటుతో కట్టబడును. మన వడ్రంగి తలుపులకు, ద్వారబంధములకు కుసులు చెక్కి, తొలులు తొలిచి బిగించును, మరలు వాడును. అతని సుత్తి ఎక్కువగా ఉలి వెనుకనే పనిచేయును. దినమంతయు మేకులతోనే కుస్తీపట్టువారు మన నగరములలో ఒకరు కలరు. వారు సెంట్రింగు పనివారు. కాంక్రీటు పోయుటకు ముందు పలకలు బిగించి మేకులు కొట్టుట, గట్టిపడిన తరువాత ఆ మేకులనన్నిటిని పీకుట, మరునాడు వేరొక అంతస్తున మరల కొట్టుట వారి వృత్తి. మోచేతి నొప్పికి ఎవరైన అర్హులైనచో వారే. వారికి ఈ సుత్తి వెల ఒకటి రెండు దినముల కూలి కాదు, వారముల కూలి. ఎత్తైన పరంజీ మీద మరచిన పనిముట్టు మరునాడు అచ్చటనే ఉండునను నమ్మకమును లేదు. కనుక వారి మోచేతులకు టైటానియమును ఉపాయముగా చెప్పుట పరిహాసమగును. తలకు మించిన బరువు లేని ఉక్కు సుత్తి, చేతికి సరిపడు లావు గల తుమ్మ కామ, కామ సడలినపుడు వెంటనే బిగించు అలవాటు, పై అంతస్తు పనిని ఒకరే దినమంతయు చేయకుండ పంచుకొనుట: వీనికి అయ్యెడి ఖర్చు కొన్ని వందల రూపాయలకు మించదు, మోచేతికి కలుగు మేలు తక్కువది కాదు.

కళాశాల కమిటీ పెద్దలు ఎపుడైనను చేతిపనుల శిక్షణకు పనిముట్లు కొనదలచినచో ఈ విషయమును తమ దృష్టియందుంచుకొనవలెనని కోరుచున్నాము. ఒక టైటానియపు సుత్తి వెలకు, వేరువేరు బరువుల ఉక్కు సుత్తులు తరగతి కంతటికి వచ్చును. విద్యార్థి తన చేతికి తగిన బరువేదో పట్టి చూచి తెలిసికొనుటకు అవియే కావలెను.

భౌతికశాస్త్ర విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగమును కూడ సూచింతుము. ఒకే పలకను తీసికొని, ముడులు లేని చోట ఒకే పొడవు గల మేకులను ఇరువది వరకు నిలుపుడు. 400 గ్రాముల సుత్తితో పది, 680 గ్రాముల సుత్తితో పది దింపుడు. ఒకే విద్యార్థి కొట్టవలెను. మొదటి పదింటికిని తరువాతి పదింటికిని నడుమ తగిన విశ్రాంతి ఉండవలెను. రెండవనాడు వరుస మార్చి తిరిగి చేయవలెను. దెబ్బలను, పట్టిన సెకన్లను, వంగిపోయిన మేకులను వేరువేరుగా వ్రాసికొనుడు. పైని మా లెక్క ప్రకారము 4 దెబ్బలకు 5 దెబ్బలు రావలెను. వచ్చిన అంకెలను వచ్చే సంచికకు పంపినచో, మేము చేతికి ఊహించిన 500 గ్రాములు ఎంతవరకు సరియైనదో తేల్చుకొనవచ్చును.